దాంపత్యమున 'వద్దు' అను మాట

పడకటింటి విషయములను పత్రికలకు ఎక్కింపరాదని మా పెద్దలు చెప్పెడివారు. మేమును చాలకాలము ఆ మాటనే నమ్మి, వితంతు వివాహమును గూర్చియు, వరకట్నమును గూర్చియు, బాలికల చదువును గూర్చియు వ్రాసితిమే కాని, ఆ గది తలుపు గడియను ముట్టలేదు. గత కార్తీకమాసమున మా యింట జరిగిన సంభాషణ యొకటి, మా మౌనము మర్యాద కాదనియు, పిరికితనమనియు మాకు తెలియజేసినది. అందుచేత ఈ వ్యాసము.

విషయమును మొదటనే చెప్పుదుము. దంపతులలో ఒకరు మరియొకరికి నోటితో చేయు రతిని వాత్స్యాయనుడు ఔపరిష్టకమనెను. నేటివారు ముఖరతి యనుచున్నారు. దానిని వర్ణించుట మా యుద్దేశము కాదు. అది మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటయు మా పని కాదు. అందు ఎవరు ఎవరికి లోబడుచున్నారు? ఆ లోబాటు ఇష్టము చేతనా, గతిలేకనా? ఇంతమాత్రమే మా ప్రశ్న.

మాకు మేనకోడలి వరుసయగు యువతి యొకతె ఉక్కునగరమున కాపురమున్నది. ఎం.ఎస్సీ. చదివినది. పెండ్లియై రెండేండ్లు దాటినది. భర్త మూడు షిఫ్టులలోను వంతులవారీగ పనిచేయువాడు. త్రాగడు, కొట్టడు, నలుగురిలో మంచివాడనిపించుకొన్నవాడు. నాగులచవితినాడు ఆమె పుట్టలో పాలు పోయుటకు మా పేటకు వచ్చి, పూజ ముగిసిన పిదప వంటయింట మా యింటావిడ చెంత కూర్చుండి కన్నీరు పెట్టుకొన్నది. ఆమె అనుమతి పొంది, ఆనవాలు దొరకకుండ కొన్ని వివరములు మార్చి, ఆ మాటలను ఇట వ్రాయుచున్నాము.

"నాకు అదంటే అసహ్యం కాదు అత్తయ్యా. మొదట్లో నేనే ముద్దుకొద్దీ చేశాను. ఇప్పుడు అడగడం కూడా లేదు. కింద కూర్చోమంటారు, తలమీద చెయ్యి వేసి పట్టుకుంటారు. ఆ చెయ్యి తియ్యరు. ఆగమని చెప్పడానికి నాకు నోరేదీ? కాదంటే కొట్టరు, తిట్టరు. నాలుగు రోజులు మాట్లాడరు. బియ్యం నిండుకున్నాయని చెప్పినా వినిపించుకోరు. ఏమిటిది అంటే 'నాకు ఆమాత్రం హక్కు లేదా' అంటారు. ఒకసారి నాకూ అలాగే చెయ్యమని అడిగితే 'ఛీ' అన్నారు."

ఈ మాటలు విన్నప్పుడు మాకు మొదట కలిగినది సిగ్గు. తరువాత కలిగినది ఆలోచన. ఆమె ఫిర్యాదు ఆ చేష్టను గూర్చి కాదు. దానిని తానే ప్రేమతో మొదలుపెట్టితినని చెప్పుచున్నది. ఆమెను బాధించినవి మూడు: తలమీది చేయి, నాలుగు దినముల మౌనము, 'ఛీ' యను ఒక్క అక్షరము. ఈ మూడింటిని విడివిడిగ చూచినగాని సంగతి బోధపడదు.

'ఛీ' యనుదానితో మొదలిడుదము. తనకు చేయించుకొన తగినది, తాను చేయ తగనిది ఎట్లయ్యెను? ఆ యువకుని మనస్సున ఆ చేష్టకు ముందే ఒక వెల కట్టబడియున్నది: చేయువారు తక్కువ, చేయించుకొనువారు ఎక్కువ. ఈ వెలను కట్టినది అతడొక్కడే కాదు. 1933లో ఓడరేవు తెరచినది మొదలు మా పట్టణమునకు నలుదిక్కుల జనులు చేరిరి. రేవు వాకిట, చేపల రేవులో, లారీలు ఆగుచోట్ల ఒక్క పూట నిలిచి వినుడు. ఏ భాషలోని తిట్టైనను సరే, ఎదుటివానిని ఓడించుటకు ఈ చేష్టనే వాని నోటికి అంటగట్టును. వీధిలో శత్రువునకు శిక్షగ చెప్పు పనిని ఇంటిలో భార్యను చేయుమని అడుగునప్పుడు, ఆ తిట్టులోని అర్థము గుమ్మము బయటనే ఆగిపోవునా? భర్త మరచినను భార్య మరువదు.

ఈ వెల ప్రాచీనమైనది కూడ. కామసూత్రముల రెండవ అధికరణమున తొమ్మిదవ అధ్యాయము ఔపరిష్టకమునకు కేటాయింపబడినది. దానిని శ్రద్ధగ చదివినవారికి తెలియునది యేమనగా, అందు చేయువారిగ ముఖ్యముగ చెప్పబడినవారు తృతీయాప్రకృతివారు. అందును కొందరు ఒడలుపట్టి బ్రతుకు సంవాహకులు. తరువాత యువసేవకులు. చేయించుకొనువాడు నాగరకుడు. అనగా ఒకని సుఖము, ఒకని జీవనోపాధి. పూర్వాచార్యులు ఈ పని శాస్త్రవిరుద్ధమనిరనియు, వేశ్యను కోరువానికి దోషము లేదని తన మతమనియు వాత్స్యాయనుడు వ్రాసెను. పురుషులును కొందరు స్త్రీలకు ఇట్లే చేయుదురని రెండు మాటలలో ముగించెను. ఇరువురును ఒక్కమారే పరస్పరము చేసికొనుదానికి కాకిలమని పేరు మాత్రము పెట్టెను. ఇచ్చిపుచ్చుకొనుట ఆనాడును ఎరుగనిది కాదు. కాని దానికి దక్కినది అధ్యాయములో ఒక మూల.

అయినను ఆ అధ్యాయమున మమ్ము ఆపిన సంగతి యొకటి కలదు. ఈ క్రియను ఆయన ఎనిమిది మెట్లుగ విభజించి, ఒక్కొక్క మెట్టు ముగియగానే చేయువారు 'ఇక చాలు'నన్నట్లు ఆగవలెననియు, రెండవవారు కోరినపిమ్మట తరువాతి మెట్టునకు పోవలెననియు చెప్పెను. ఆ ఆగుట సరసమునకే కావచ్చును, నటనయే కావచ్చును. అయినను ఎనిమిది తావులలో ఆగుటకు చోటున్నది; మరల అడుగవలసిన పని యున్నది. జీతమునకు కుదిరిన సంవాహకునకు గ్రంథమునందైనను దొరికిన ఆ విరామము, మంగళసూత్రము కట్టించుకొన్న మా మేనకోడలికి దొరకలేదు. ఆమె తలమీది చేయి ఆ ఎనిమిది విరామములను తుడిచివేసినది.

ఇక భంగిమను గూర్చి ఒక మాట. ఒకరు నిలుచుటయు, ఒకరు మోకరిల్లుటయు చూడగనే దొర, దాసి యని మనకు తోచును. కాని తెలుగువారు ఈ పాఠమును వేరొకరీతిని కూడ నేర్చియున్నారు. నంది తిమ్మన పారిజాతాపహరణమున అలిగిన సత్యభామ కాళ్ళకు కృష్ణుడు మ్రొక్కగా, ఆమె ఎడమకాలితో ఆయన తలను తన్నెను. నాలుగు వందల యేండ్లకు పైగ ఆ ఘట్టమును పండితులు మెచ్చుకొనుచు చదువుచున్నారు. భాగవతులు ఆడి చూపుచున్నారు. కృష్ణునకు గౌరవము తగ్గినదని ఎవరును అనరు. ఏల? ఆయన తాను వంగదలచి వంగెను, లేవదలచినప్పుడు లేవగలడు. సత్యభామ అలుక తీరకున్నను ఆయనకు ద్వారకలో అన్నమునకు లోటు లేదు. లేవగలవారు మోకరిల్లుట శృంగారము. లేవలేనివారు మోకరిల్లుట దాస్యము. శరీరముల అమరిక రెండింటను ఒక్కటే.

ఇందుకు తోడు ఈ చేష్టయందు ఒక విశేషము కలదు. 'వద్దు' అని పలుకవలసిన నోరే ఇట పనిలో చిక్కుకొనియున్నది. అందుచేత ఇందు మాటతోడి సమ్మతి చాలదు. చేతితో తట్టినచో ఆగవలెనని ముందుగనే అనుకొనవలెను. తల కదల్చుకొనుటకు వీలుండవలెను. ఎందులకు ఆపితివని ప్రశ్న రాకూడదు. ఈ మాత్రము ఏర్పాటు లేనిచోట మొదట 'సరే' యన్నను, అది ఆ మొదటి క్షణమునకే చెల్లును.

చట్టము ఏమి చెప్పుచున్నదని చదువరులు అడుగవచ్చును. ఆ చరిత్ర వింతయైనది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ప్రకృతివిరుద్ధమైన సంభోగమును నేరముగ చేసెను. 1925లో సింధు న్యాయస్థానము ముఖరతియు అందు చేరునని తీర్పిచ్చెను. దంపతులు ఇష్టపడి చేసికొన్నను ఆ సెక్షను వారిని మినహాయింపలేదు. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు, వయస్సు వచ్చినవారు సమ్మతితో ఏకాంతమున చేయు పని నేరము కాదని చెప్పెను. అంతకు ముందే 2013లో మానభంగమునకు నిర్వచనమును విస్తరించి, సమ్మతి లేని ముఖరతిని అందు చేర్చిరి. ఇంతవరకు సక్రమముగనే యున్నది. కాని అదే నిర్వచనమునకు తోకగ ఒక మినహాయింపు కలదు: భర్త తన భార్యతో చేయునది మానభంగము కాదు. భార్య వయఃపరిమితి పూర్వము 15 ఏండ్లు. 2017లో సుప్రీంకోర్టు దానిని 18కి పెంచెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షనులో ఈ మినహాయింపును నిలుపుకొన్నది. పాత 377వ సెక్షను మాత్రము అందు లేదు. 2005 నాటి గృహహింస చట్టము లైంగిక హింసను గుర్తించి భార్యకు రక్షణ కోరు దారి చూపుచున్నదనుట నిజమే. అయినను మొత్తము మీద తేలినదేమి? పూర్వము దంపతుల ఇష్టమునకు చట్టమున విలువ లేదు. ఇప్పుడు ఇష్టమునకు విలువ వచ్చినది. భార్య అయిష్టమునకు మాత్రము ఇంకను పూర్తి విలువ రాలేదు.

ఈ సంగతిని మన తెలుగు గడ్డమీదనే ఒక న్యాయమూర్తి ముందుగ చూచెను. సరిత యను చలనచిత్రనటి తన భర్తయగు వెంకటసుబ్బయ్యతో కాపురము చేయవలెనా యను వ్యాజ్యెము కడప న్యాయస్థానము నుండి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమునకు పోయెను. 1983లో జస్టిస్ పి. ఏ. చౌదరి, కాపురమునకు పొమ్మని కోర్టు ఆజ్ఞాపించుట యనగా ఆమె దేహమును ఎప్పుడు, ఎవరికి ఇచ్చుకొనవలెనను నిర్ణయమును ఆమె చేతినుండి తీసివేయుటయే యని భావించి, హిందూ వివాహచట్టములోని 9వ సెక్షనును కొట్టివేసెను. మరుసటి యేడే సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యెమున ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చెను. సెక్షను నిలిచినది. తీర్పు ఓడినను, అందలి ప్రశ్న ఓడలేదు.

సంస్కర్తలమని చెప్పుకొను మావంటివారు ఇట తమ తప్పును కూడ ఒప్పుకొనవలయును. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరున ముద్దుపళని రాధికాసాంత్వనము వ్రాసెను. కోరుటయు, కాదనుటయు, అలిగి సముదాయింపబడుటయు అందు స్త్రీ పక్షమున పలుకును. వితంతువుల కన్నీరు తుడిచిన కందుకూరి వీరేశలింగము పంతులే ఆ కావ్యమును స్త్రీలు వినరానిదని నిందించెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పూర్తిగ అచ్చువేయించి, సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా యని ప్రశ్నించెను. ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆడుదానికి చదువు ఇచ్చితిమి, మరల పెండ్లి ఇచ్చితిమి. కోరికను పలుకు నోరు మాత్రము ఈయలేదు. 'కావలె'నను మాటకు నోరు లేనివారికి 'వద్దు' అను మాటకు మాత్రము ఎక్కడిది?

ఇంతవరకు వ్రాసి మేము మా యింటావిడకు చదివి వినిపించితిమి. పరుల దాంపత్యమును ఇంత చక్కగ విమర్శించితిమని మాకు లోలోపల కొంత సంతృప్తి కలిగెను. ఆమె పప్పు ఏరుచు విని, "బాగానే ఉంది" అన్నది. 'బాగానే' యన్న మాటలోని దీర్ఘము మాకు నచ్చలేదు. "మన సంగతి యేమి? మేమెన్నడైన నీ యిష్టము లేక..." అని అడుగబోయి, ప్రశ్నను ముగింపలేకపోయితిమి. పెండ్లియై 36 ఏండ్లకు ఆ ప్రశ్న మా నోట మొదటిసారి వచ్చినది, అదియు సగమే.

ఆమె చేట క్రింద పెట్టి నవ్వినది. "నా శనివారాలు ఎందుకనుకున్నారు?" అన్నది.

మాకు అర్థము కాలేదు. ఆమెయే చెప్పినది: "శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారాలు, మాఘ ఆదివారాలు. ఇందులో సగం దేవుడికి, సగం నాకు. మడి అంటే మీరు మారు మాట్లాడేవారు కాదు. నాకు వద్దు అంటే మీ ముఖం చిన్నబోయేది. ఆ ముఖం చూడలేక మళ్ళీ నేనే సరేననేదాన్ని. దేవుడి పేరు చెబితే ఎవరి ముఖమూ చిన్నబోదు."

మేము కొట్టలేదు, తిట్టలేదు, తలమీద చేయి వేయలేదు. అయినను మా యింట ఒక మనిషి తన దేహము తనదని చెప్పుకొనుటకు వేంకటేశ్వరుని వద్దను, శివుని వద్దను, సూర్యుని వద్దను ఆ మాటను ఎరువు తెచ్చుకొన్నది. మా సింహాచలము అప్పన్న సంవత్సరమున కొక్కనాడు చందనము ఒలిచి నిజరూపము చూపును. మా యింటావిడ నిజరూపము చూచుటకు మాకు 36 ఏండ్లు పట్టినది. అందులకు చందనమును ఆమె పూసికొనలేదు, పూసినవారము మేము.

అందుచేత పాఠకులకు మేము చెప్పదలచినది మా యింటినుండియే మొదలగును. రాత్రి యందు 'వద్దు' అను శక్తి పగటియందు పుట్టును. మా పట్టణమువారికి హక్కు అను మాట క్రొత్తది కాదు. 1966లో ఉక్కు ఆంధ్రుల హక్కని వీధులలో కేకలు వేసి, కొందరు ప్రాణములు కూడ ఇచ్చి సాధించుకొన్నాము. కాని ఒక కర్మాగారమును కోరు హక్కు వేరు. మరియొక మనిషి దేహమును కోరు 'హక్కు' వేరు. కోరుటకు ఎవరికైనను స్వేచ్ఛ కలదు. పొందుట ఎదుటివారి చేతిలోనిది. కాదన్న మరునాడును బియ్యము రావలెను, మాటలు రావలెను, ముఖము చిన్నబోకుండవలెను. ఈ మూడును స్థిరముగ నున్న యింట భార్య ఏ భంగిమయందున్నను రాణియే. ఈ మూడును లేని యింట ఆమెను సింహాసనముపై కూర్చుండబెట్టినను దాసియే.

తాను ఈయ జంకునది అడుగకుండుట మరియొక న్యాయము. దానిని త్రాసుతో తూచి సరిచేయుమని మేము చెప్పము. ఒకరికి నచ్చినది ఒకరికి నచ్చకపోవచ్చును. కాని తన నిరాకరణమునకు 'ఛీ' యనియు, ఆమె నిరాకరణమునకు 'హక్కు లేదా' యనియు రెండు తూకపురాళ్ళు ఉండరాదు. వైద్యులు చెప్పు ఒక మాటయు ఇట చేర్చుదుము: సవాయి, సెగ, హెర్పీసు మొదలగు వ్యాధులు నోటివలన కూడ అంటుకొనును. కావున అనుమానమున్నవారు సిగ్గుపడక పరీక్ష చేయించుకొనుట కూడ భాగస్వామి యెడల చూపు మర్యాదయే.

సంప్రదాయజ్ఞులు కొందరు, ఇట్టి మాటలవలన కాపురములు కూలునందురు. మా యింట ఆ మాట వచ్చి నెలలు గడిచినవి. ఇల్లు నిలిచియే యున్నది. భార్య కాదనినంత మాత్రమున కూలు కాపురము, ఆమె నోరు మూసికొనియున్నందున నిలిచినదన్నమాట. అట్టి నిలుకడకు కాపురమని పేరు పెట్టుట భాషకే అన్యాయము.

మా మేనకోడలి భర్తతో మేము మాటలాడవలసివచ్చినది. సాయంకాలము సముద్రతీరపు బాటపై ఇరువురమును నడచుచుంటిమి. వ్యాసములో ఇంత ధారాళముగ వ్రాసిన మాకు అచ్చట ఒక్క వాక్యము నోట రాలేదు. తుదకు, "ఆమె కాదన్ననాడు నీవు బియ్యము తెచ్చితివా?" అని మాత్రము అడిగితిమి. అతడు చాలసేపు అలలను చూచి, "చెప్పిందా, మావయ్యగారూ?" అనెను. చెప్పినదంటిమి. అతడు కోపగించుకొనలేదు, తల వంచుకొనెను. ఆ తల వంపు సిగ్గో, అలుకో మాకు తెలియలేదు.

సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు మా యింటావిడతో చెప్పిన కబురు ఇది: ఒకనాడు ఆమె వద్దన్నదట. అతడు కొంతసేపు గోడ వైపు తిరిగి పరుండి, పిమ్మట లేచి వంటయింటికి పోయి ఇరువురికిని కాఫీ కలిపి తెచ్చెనట. చక్కెర ఎక్కువైనదట. 'ఛీ' యన్న మాటను గూర్చి ఇంకను వారు మాటలాడుకొనలేదట. అది మరికొంత కాలము పట్టును.

మా యింట జరిగిన మార్పు ఇంకను చిన్నది. మాఘమాసము మొదలుకొని మా యింటావిడ శనివారము రాత్రులు కూడ అన్నము తినుచున్నది. అప్పన్నపై భక్తి తగ్గినదా యని మేము పరిహాసమాడగా, "భక్తి ఉన్నచోటే ఉంది. ఉపవాసంతో ఇక పనిలేదు" అని చెప్పి, మజ్జిగ వడ్డించుకొన్నది.